నీ గడియారం నాకెందుకు?

మా మామ్మకి ఇంగ్లీషు రాదు. తెలుగు మాత్రం ధారాళంగా చదివేది. వారపత్రిక వస్తే సీరియలు దగ్గర్నుంచి వెనకట్ట మీది సబ్బు ప్రకటన దాకా వదిలేది కాదు. అయినా ఒక్క కాగితం ముప్ఫయ్యయిదేళ్ళు ఆవిడ ట్రంకుపెట్టెలో, పట్టుచీర మడతలో ఉండి కూడా, అందులో ఏం రాసుందో ఆవిడకి తెలియకుండానే పోయింది.

అదొక టెలిగ్రాం. 1963లో మద్రాసు నుంచి చోడవరం వచ్చింది. తాతయ్య ఏదో పనిమీద మద్రాసులో ఉన్న తమ్ముడింటికి వెళ్ళి అక్కడ జబ్బుపడ్డారు. అన్నయ్యకి సీరియస్‌గా ఉంది, వెంటనే బయల్దేరమని చిన్నతాతయ్య టెలిగ్రాం ఇచ్చారు. అది మా ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టే వేళయింది. ఆ రోజు రైలు దాటిపోయింది. మర్నాడు అనకాపల్లిలో రైలెక్కి పిల్లల్నేసుకుని మామ్మ మద్రాసు చేరేసరికి అంతా అయిపోయింది. కడసారి చూపు దక్కలేదు.

"పొద్దున్నే ఇస్తే మద్దేన్నానికి వచ్చీది కాదేటి? ప్రాణం పోయిందాకా ఊరుకుని అప్పుడిచ్చేడు" అని మామ్మ నిశ్చయించేసుకుంది. ఆ మాట మద్రాసు చేరింది. చిన్నతాతయ్య పౌరుషం గల మనిషి. తను ఎప్పుడిచ్చిందీ చెప్పుకోవడం కూడా తక్కువతనం అనుకున్నారు. అంతే. పెళ్ళిళ్ళకి పిలుపుల్లేవు, పురుళ్ళకి పరామర్శల్లేవు. నేను పుట్టి పెరిగి పెద్దదాన్నయ్యేదాకా చిన్నతాతయ్య అనే మనిషి మా ఇంట్లో గోడమీది ఫొటోలో సగానికి కత్తిరించిన బొమ్మే.

మామ్మ 1998లో పోయింది. ఆ పెట్టె జోలికి ఎవరూ వెళ్ళలేదు. ఈమధ్య ఇంటికి సున్నాలేయించడానికి సామాన్లు సర్దుతుంటే నా చేతికి వచ్చింది. నాఫ్తలీను ఉండల వాసనతో పాటు ఆ కాగితం. పెన్సిలు రాత, అయినా చెదరలేదు. నలుగురూ చదివే నాలుగు మాటలు మధ్యలో ఉన్నాయి. ఎవరూ చదవని అంకెలు పైన ఉన్నాయి. మద్రాసులో ఇచ్చిన సమయం 7 గంటల 20 నిమిషాలు. ఇక్కడ అందిన సమయం 16 గంటల 35 నిమిషాలు.

పొద్దున్నే ఇచ్చారు! తెల్లవారగానే తపాలాఫీసుకి పరిగెత్తారన్నమాట ఆ మనిషి. తొమ్మిది గంటల పావు అది దారిలో ఎక్కడో పడి ఉంది. సందేశం చదివిన మా నాన్నకి అప్పుడు పన్నెండేళ్ళు. ఏడుస్తూ చదివిన పిల్లాడు పై అంకెలు చూస్తాడా?

ఆ కాగితం చేత్తో పట్టుకుని నేనలా కూర్చుండిపోతే, సెలవుకి వచ్చిన మా అక్కయ్య కొడుకు పక్కకి వచ్చి తొంగి చూశాడు. హైదరాబాదులో వాడిది కంప్యూటరు ఉద్యోగం. సెలవులో కూడా ఒళ్ళో ఆ డబ్బా, చెవిలో ఆ తీగలూ వదలడు.

"పిన్నీ, ఇదేమిటో తెలుసా? టైమ్‌స్టాంప్ హెడరు! నేను నెల్లాళ్ళుగా కొట్టుకుంటున్నది దీంతోనే" అన్నాడు.

నేను ఆర్ట్స్ చదువుకున్నదాన్ని. లెక్కలంటే ఇప్పటికీ పరీక్షహాలు కలలోకి వస్తుంది. అయినా ఆ మాట వదిలిపెట్టలేకపోయాను. ఒక మనిషి నిజాయితీ మొత్తం రెండు అంకెల్లో దాగి ఉన్నప్పుడు, ఆ అంకెలు ఎలా పుట్టాయో తెలుసుకోవద్దూ? తెలుసుకుంటూ పోతే కథ మన విశాఖపట్నంలోనే మొదలవుతోంది.

ఇప్పుడు మనకి విడ్డూరంగా ఉంటుంది గానీ, ఒకప్పుడు ఏ ఊరి మధ్యాహ్నం ఆ ఊరిదే. సూర్యుడు నడినెత్తికి వస్తే పన్నెండు. సూర్యుడు తూర్పునుంచి వస్తాడు కదా, తూర్పునున్న ఊరికి పన్నెండు ముందు కొడుతుంది. ఆ లెక్కన విశాఖపట్నానికి మద్రాసుకన్నా 12 నిమిషాలు ముందు మధ్యాహ్నమవుతుంది. మా చోడవరానికి దాదాపు 11 నిమిషాలు ముందు. దానివల్ల ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. ఎడ్లబండి మీద పోయేవాడికి పదకొండు నిమిషాలు ఎందుకు?

కానీ నక్షత్రాలు చూసేవాళ్ళకి కావాలి. విశాఖలో గోడే వెంకట జగ్గారావుగారని ఒక జమీందారీ కుటుంబీకులుండేవారు. 1817లో పుట్టారు. మద్రాసు వేధశాలలో టేలర్ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడి దగ్గర చదువుకుని వచ్చి, 1840లో విశాఖ డాబాగార్డెన్స్‌లో సొంత ఖర్చుతో వేధశాల కట్టించుకున్నారు. ఆ రోజుల్లో జమీందారులు ఏయే వాటికి డబ్బు తగలేసేవారో మనకి తెలియంది కాదు. ఈయన దుర్భిణీలు కొన్నారు. ఆ ఇంటి ఆడవాళ్ళు ఏమనుకున్నారో ఎవరూ రాసిపెట్టలేదు. రాత్రంతా మేడమీద ఆకాశం చూస్తూ కూర్చునే మొగుడితో వేగడం ఎలాగో నాకు తెలుసుకోవాలనుంది.

ఈయన చేసిన ఇంకో పని ఉంది. డాల్ఫిన్స్ నోస్ కొండమీద జెండా స్తంభం నాటించి, దానితో ఊరికి టైము తెలిసే ఏర్పాటు చేశారు. వేధశాలలో నక్షత్రాల్ని బట్టి సరిదిద్దిన గడియారం ఒకటి. అది చెప్పిన క్షణానికి కొండమీద జెండా కదులుతుంది. ఊళ్ళో గడియారం ఉన్నవాళ్ళు అటు చూసి తమ ముల్లు తిప్పుకుంటారు. కళ్ళతో చూసేది కాబట్టి ఆలస్యమన్నది లేదు. మద్రాసు కోటలో ఫిరంగి పేల్చేవారు. శబ్దమైతే కిలోమీటరు పోవడానికి 3 సెకన్లు తీసుకుంటుంది. జెండాకి ఆ పేచీ లేదు.

జగ్గారావుగారు 1856లో పోయాక ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు వేధశాల చూసుకున్నారు. 1874 డిసెంబరు 9న శుక్రగ్రహం సూర్యబింబం మీదుగా నడిచిపోవడాన్ని ఆయన విశాఖ నుంచే చూసి లెక్కగట్టి, ఇంగ్లండులోని ఖగోళ సంఘానికి పంపారు. అటువంటి చోట ఏం చూశామన్నదానికన్నా ఏ సెకనుకి చూశామన్నదే ముఖ్యం. సెకను తప్పితే ఆ రాత్రులన్నీ వృథా.

ఇది ఒక పద్ధతి. దీన్ని జెండా పద్ధతి అందాం. ఒకచోట పెద్ద గడియారం ఉంటుంది. మిగతావాళ్ళందరూ దాన్ని చూసి తమది సరిచేసుకోవాలి.

ఈలోగా తంతి వచ్చింది. 1855లో మన దేశంలో టెలిగ్రాఫు జనానికి అందుబాటులోకి వచ్చింది. అప్పుడు మొదలయింది తిరకాసు. మద్రాసులో పది గంటలకి ఇచ్చిన కబురు రెండు నిమిషాల్లో విశాఖ చేరితే, ఇక్కడి గడియారంలో పది గంటల పద్నాలుగు. పోనీ విశాఖనుంచి పది గంటలకి ఇచ్చినది మద్రాసుకి చేరితే? అక్కడ ఇంకా తొమ్మిది గంటల యాభై! ఇవ్వకముందే అందిందన్నమాట. టెలిగ్రాం మీద ఇచ్చిన టైమూ అందిన టైమూ వేస్తున్నప్పుడు రెండు ఊళ్ళ గడియారాలూ చెరొక దారిన ఉంటే ఆ అంకెలకి అర్థం ఉంటుందా? తగువు తీర్చలేవు సరికదా, కొత్త తగువులు తెస్తాయి.

అందుకని టెలిగ్రాఫు, రైళ్ళు మద్రాసు టైముని పట్టుకున్నాయి. అటు కలకత్తాకీ ఇటు బొంబాయికీ మధ్యస్థంగా ఉంటుందని 1870 ప్రాంతంలో రైళ్ళన్నిటికీ దాన్నే ఖాయం చేశారు. మద్రాసు వేధశాలనుంచి తంతిమీద టైము సంకేతం వెళ్ళేది. అంటే జగ్గారావుగారి జెండాయే, తీగ మీద వేలాడదీశారనుకోండి. చివరికి 1906 జనవరి 1న ఇండియన్ స్టాండర్డ్ టైము వచ్చింది. గ్రీనిచ్ కన్నా 5 గంటల 30 నిమిషాలు ముందు. దానికి ఆధారమైన రేఖ 82 డిగ్రీల 30 నిమిషాలది, మన తుని, కాకినాడ పరిసరాల్లోంచే పోతుంది. దేశం మొత్తంమీద సూర్యుడికీ గడియారానికీ దాదాపుగా పొత్తు కుదిరిన అదృష్టవంతుల్లో మా చోడవరం వాళ్ళమూ ఉన్నాం. తేడా సగటున రెండు నిమిషాలకి లోపు! బొంబాయి వాళ్ళు మాత్రం మా టైము మాదేనని 1955 దాకా భీష్మించుకున్నారు. కలకత్తా వాళ్ళు 1948 దాకా.

కాబట్టి 1963 నాటికి మద్రాసు గడియారం, చోడవరం గడియారం ఒకే మాట చెప్తున్నాయి. 7.20 నుంచి 16.35 దాకా తొమ్మిది గంటల పావు అని నేనివాళ ధైర్యంగా తీసెయ్యగలుగుతున్నానంటే, దాని వెనక అరవై డెబ్భై ఏళ్ళ పోరు ఉంది.

కానీ రెండో పద్ధతి ఒకటుంది. నాకు అదే ఎక్కువ నచ్చింది. ఇది కూడా మన ఊరు మీదుగా వెళ్ళిందే.

1875, 77 మధ్య సర్వేవారు దేశంలో ఊళ్ళ రేఖాంశాలు తంతి సాయంతో తేల్చాలని బయల్దేరారు. క్యాంప్‌బెల్, హెవిసైడ్ అని ఇద్దరు అధికారులు. మద్రాసు, బళ్ళారి, హైదరాబాదు, వీటితో పాటు విశాఖపట్నం కూడా వాళ్ళ మజిలీల్లో ఒకటి. ఇద్దరూ చెరో ఊళ్ళో కూర్చుని ఒకే నక్షత్రం తలమీదకి వచ్చిన క్షణాన్ని గుర్తిస్తారు. రెండు ఊళ్ళ గడియారాల తేడా తెలిస్తే ఊళ్ళ మధ్య దూరం తెలుస్తుంది. తేడా తెలియాలంటే ఒకరు తీగమీద టక్‌మని కొట్టాలి, రెండోవారు ఆ క్షణం తమ గడియారం చూసుకోవాలి.

చిక్కేమిటంటే, తీగలో కూడా కరెంటు చేరడానికి కాస్తంత సమయం పడుతుంది. సెకనులో ఏ చిన్న భాగమో. వాళ్ళకి అదే ప్రాణసంకటం. అందుకని ఏం చేశారంటే, అటునుంచి ఇటొకసారి, ఇటునుంచి అటొకసారి కొట్టారు. ఒక దిక్కున పోయేటప్పుడు ఆ ఆలస్యం తేడాకి కలుస్తుంది. రెండో దిక్కున వచ్చేటప్పుడు అదే ఆలస్యం తేడాలోంచి పోతుంది. రెండూ కూడి సగం చేస్తే ఆలస్యం దానంతటదే చెరిగిపోయి అసలు తేడా మిగులుతుంది. రెంటిలో ఒకదాన్ని తీసేసి సగం చేస్తే ఆలస్యమెంతో తేలుతుంది.

చూశారా? వెళ్ళి రావడంలో ఉంది కిటుకు. ఒకవైపు వెళ్ళినదాన్ని పట్టుకుని ఎంతసేపు పట్టిందో చెప్పాలంటే రెండు గడియారాలూ కలవాలి. వెళ్ళి తిరిగొచ్చినదాన్ని కొలవడానికి నా గడియారం ఒక్కటి చాలు.

మధ్యలో ట్రంకాల్ కాలమొకటి గడిచింది. దాన్ని మీకు నేను చెప్పాలా? పొద్దున్న బుక్ చేస్తే రాత్రికి లైను దొరికేది. మూడు నిమిషాలకి ఒక లెక్క. అవతలి మాట వినపడక "హలో, హలో" అంటుండగానే మూడు నిమిషాలైపోయాయని మధ్యలో ఆపరేటరమ్మ గొంతు! ఆవిడ ముందున్న చీటీమీద కలిపిన టైమూ తెంచిన టైమూ రాసుకునేది. అమెరికాలో ఈ రాత పని తప్పించడానికి కాల్‌క్యులాగ్రాఫ్ అని ఒక యంత్రం పెట్టారు. హెన్రీ అబట్ అనే ఆయన కనిపెట్టింది. మాట మొదలవగానే చీటీ పెట్టి ఒక పిడి లాగాలి, అవగానే ఇంకో పిడి. ఎన్ని నిమిషాలయిందో చీటీమీద అచ్చుపడుతుంది.

మన దగ్గర 1960లో లక్నో, కాన్పూరుల మధ్య మొదటి ఎస్.టి.డి. వచ్చాక ఆపరేటరమ్మ పని క్రమంగా మీటరు తీసుకుంది. మా కాలేజీ రోజుల్లో చోడవరం వీధుల్లో పసుపుపచ్చ బూతులుండేవి గుర్తుందా? రాత్రి పదకొండు దాటితే పావు రేటని, దుప్పటి కప్పుకుని నాన్నతో వెళ్ళి వరసలో నిలబడేదాన్ని. పల్సు పడినప్పుడల్లా ఎర్ర అంకె మారేది. అంకె మారుతుంటే నోట్లో మాట గబగబా పరిగెత్తేది. అక్కయ్యతో ముఖ్యమైన సంగతులన్నీ చెప్పకుండానే పెట్టేసి, ఇంటికొచ్చాక గుర్తు తెచ్చుకుని ఏడిచిన రోజులున్నాయి.

సరే, ఇప్పటి కాలానికి వద్దాం. ఇప్పుడు ఫోను మాట తీగ పట్టుకుని వరసగా పోదు. ముక్కలు ముక్కలుగా ఇంటర్నెట్టులో పోతుంది. మాటకన్నా ముందు ఒక చీటీ వెళ్తుంది, ఫలానావారు మాట్లాడదామంటున్నారని. దాన్ని ఆహ్వానమనే అంటారు, ఇన్వైట్. అది అందగానే పక్క మజిలీ నుంచి "ప్రయత్నిస్తున్నాం" అని ఒక జవాబు వస్తుంది. దాని నంబరు 100. తర్వాత "గంట మోగుతోంది" అని 180. ఎత్తుకుంటే 200. ఈ పిలుపుల మర్యాద అంతా ఒక పద్ధతిలో రాసిపెట్టారు, పేరు సిప్. 1999లో మొదటి రూపం, 2002లో ఇప్పటి రూపం. మొదటిది రాసిన నలుగురిలో ఈవ్ స్కూలర్ అనే ఒకావిడ కూడా ఉంది. ఆఫీసుల్లోని ఇంటర్నెట్టు ఫోన్లూ, మన సెల్‌ఫోన్లలో వోల్టీ అని కనపడుతుందే అదీ, ఈ మర్యాద మీదే నడుస్తాయి.

చీటీ దారిలో పోవచ్చు. అందుకని పంపినవాడు అర సెకను చూస్తాడు. జవాబు లేకపోతే మళ్ళీ పంపుతాడు. ఈసారి సెకను ఆగుతాడు, తర్వాత రెండు, నాలుగు... ఇలా 32 సెకన్లదాకా చూసి ఇక ఆశ వదులుకుంటాడు. ఈ అర సెకను అన్నది గుడ్డి లెక్క. పక్కవీధికీ అర సెకనే, అమెరికాకీ అర సెకనేనా? దారి ఎంత పొడుగో తెలిస్తే ఎంతసేపు ఎదురుచూడాలో తెలుస్తుంది.

చీటీ పైభాగంలో, అసలు మాటకి ముందు, కొన్ని వరసలుంటాయి. ఎవరినుంచి, ఎవరికి, ఇలాంటివి. మా టెలిగ్రాం పై అంకెల్లాగే. వాటిని హెడర్లంటారట. అందులో పంపిన టైముకి సంబంధించినవి రెండు. ఇక్కడే నాకు ఒళ్ళు పులకరించింది.

ఒకటి డేట్. తేదీ, గంటా నిమిషం సెకనుతో సహా, అదీ గ్రీనిచ్ టైములోనే రాయాలి. మనం పొద్దున్న పదింటికి ఫోను చేస్తే అందులో తెల్లవారుజామున నాలుగున్నర అని ఉంటుంది. దీని ఉపయోగం ఏమిటంటే, సొంత గడియారం సరిగా నిలవని చిన్న చిన్న ఫోనుయంత్రాలు దీన్ని చూసి టైము తెలుసుకోవచ్చునట. ఇది జగ్గారావుగారి జెండా కాక మరేమిటి?

రెండోది టైమ్‌స్టాంప్. ఇందులో తేదీ ఉండదు, గంట ఉండదు. ఉత్త అంకె. సిప్ గ్రంథంలో ఇచ్చిన ఉదాహరణ 54. "ఏమిట్రా ఈ యాభైనాలుగు?" అన్నాను.

"పంపినవాడి గడియారంలో సెకన్లు. ఎప్పట్నుంచి లెక్కపెట్టాడో వాడి ఇష్టం. అవతలివాడికి దాని అర్థం తెలియక్కర్లేదు పిన్నీ. జవాబులో ఆ అంకెని ఉన్నదున్నట్టు తిరిగివ్వాలి. తన దగ్గర చీటీ ఎంతసేపు ఆగిందో, ఆ సెకన్లు పక్కన రాయాలి. అంతే."

"మరి అవతలివాడి గడియారం?"

"వాడి గడియారం నాకెందుకు?"

నాకు అర్థం కావడానికి వంటింట్లోకి పోవలసి వచ్చింది. పనసపొట్టు కూర చేసి పక్కవీధిలో ఉన్న పెద్దమ్మగారింటికి పిల్లాడి చేత గిన్నె పంపిస్తాను. బయల్దేరినప్పుడు మా గోడగడియారం చూసి వాడి చేతిలో చీటీ పెడతాను, 54 అని. ఆవిడకి 54 అంటే ఏమిటో తెలియదు, అవసరమూ లేదు. చీటీని అలాగే తిప్పి పంపుతూ పక్కన "నా దగ్గర 4 నిమిషాలు కూర్చున్నాడు" అని రాస్తుంది. వాడు మా గుమ్మం ఎక్కేసరికి మా గడియారంలో 64. పదిలోంచి నాలుగు తీసేస్తే ఆరు. రానూపోనూ ఆరు నిమిషాల దారి. ఆవిడింట్లో గడియారం అరగంట వెనకున్నా, పండుగనాడు ఆగిపోయినా నా లెక్కకి వచ్చిన లోటు లేదు, తన దగ్గర కూర్చున్న నాలుగు నిమిషాలూ సరిగా చెప్తే చాలు. క్యాంప్‌బెల్, హెవిసైడ్‌లు తీగమీద అటూ ఇటూ కొట్టిన కొట్టుడే ఇది. 1985లో డేవిడ్ మిల్స్ అనే ఆయన కంప్యూటర్ల గడియారాలు సరిచేసే పద్ధతి రాసినప్పుడు కూడా ఈ వెళ్ళి వచ్చే లెక్కనే ఆధారం చేసుకున్నాడట.

అయితే దీన్ని వాడుకుని తీరాలన్న నియమం గ్రంథంలో లేదు. కావలసినవాళ్ళు దూరం కొలుచుకోవచ్చునని మాత్రం ఉంది. చీటీ మీద అంకె ఉంటే మాత్రం 100 జవాబులో తిప్పి ఇవ్వాలి. పెట్టినవాడు పెట్టకపోయినా, పెట్టినదాన్ని అందుకున్నవాడు పోగొట్టకూడదు.

మరి నెల్లాళ్ళు కొట్టుకోవడం దేనికంటారా? ఈ చీటీలు చదివి రాసే పని ప్రతివాళ్ళూ మొదట్నుంచీ చెయ్యరట. ఎవరో ఒకసారి రాసిపెట్టిన పనిముట్ల పెట్టె ఉంటుంది, లైబ్రరీ అంటారు. మన ఇళ్ళల్లో కొబ్బరి తురుమే పీట అందరూ వాడుకున్నట్టు తలా ఒకరూ దాన్ని తెచ్చుకుని వాడతారు. మావాడి పెట్టెలో ఒకచోట తప్పుంది. వచ్చిన అంకెని చదివి, దాన్ని సంఖ్యగా మార్చి లోపల దాచుకుని, తిరిగి రాసేటప్పుడు మళ్ళీ అంకెలుగా చేస్తోంది. 54 అయితే చక్కగా 54గానే వచ్చేది. పరీక్ష చేసినవాళ్ళు అలాంటి చిన్న అంకెలే వేసి చూసి అంతా బాగుందనుకున్నారు. బయట ఫోన్లు 1970 నుంచి లెక్కపెట్టిన సెకన్లు వేస్తాయి. పది స్థానాల అంకె, ఆపైన చుక్క, చుక్క తర్వాత ఇంకో ఆరు. అంత పొడుగు సంఖ్యని చిన్న డబ్బాలో కుక్కితే తోక తెగిపోయింది. చుక్క తర్వాతవే కాదు, ముందున్న సెకన్లు కూడా చెదిరాయి.

"ఒక్కోసారి కబురు చేరడానికి నిమిషం పట్టినట్టు చూపించేది. ఒక్కోసారి పంపకముందే జవాబు వచ్చినట్టు" అన్నాడు వాడు నవ్వుతూ. విశాఖ నుంచి పది గంటలకి పంపితే మద్రాసుకి తొమ్మిదీ యాభైకి అందిన తంతి నాకు గుర్తొచ్చింది. గడియారాలు కలవక కాదు ఈసారి, చీటీ చేతులు మారినందుకు.

"మరేం చేశావు?"

"సంఖ్యగా మార్చడం మానేశాను. వచ్చిన అక్షరాల్ని వచ్చినట్టే దాచి, అలాగే తిప్పి పంపిస్తున్నాను. ఆగిన సెకన్లు మాత్రం నావి చేరుస్తున్నాను. ఆరు వరసల పని. కనుక్కోవడానికే నెలపట్టింది."

పెద్దమ్మగారు నా చీటీలో 54 చూసి, ఈవిడకి లెక్క రాదు పాపం అని 50 అని దిద్ది పంపితే ఎలాగుంటుంది? అదే ఆ యంత్రం చేసిన నిర్వాకం. మనుషుల్లోనూ ఉన్నారు లెండి, చెప్పమన్న మాట చెప్పినట్టు చెప్పకుండా కాస్త సవరించి చెప్పేవాళ్ళు. మా ఇంట్లో తగువు మద్రాసుదాకా మోసుకెళ్ళినవాళ్ళు కూడా ఆ బాపతే.

ఆ సాయంత్రం వాడూ నేనూ టెలిగ్రాం ముందేసుకుని కూర్చున్నాం. "ఇందులో ఉన్నది జెండా పద్ధతి. రెండు ఊళ్ళకీ ఒకే టైము కాబట్టి తొమ్మిది గంటల పావు అని తేలింది. కానీ మధ్యలో ఎవరి దగ్గర ఎంతసేపు ఆగిందో లేదు చూడు. ఆగినవాళ్ళు రాయలేదు" అన్నాడు. నిజమే. మద్రాసు నుంచి చోడవరం ఒక్క తీగ కాదు. మధ్యలో ఆఫీసులున్నాయి, అందుకుని మళ్ళీ కొట్టేవాళ్ళున్నారు. ఏ బల్లమీద ఆ కాగితం ఏ గాజుబరువు కింద మధ్యాహ్నమంతా ఉండిపోయిందో. లైను తెగిందో, మనిషి భోజనానికి వెళ్ళాడో. ఆ పేరు తెలియని ఆఫీసుని ఇప్పుడు ఎక్కడని అడగను? టెలిగ్రాం వ్యవస్థే 2013 జూలై 14తో సరి.

చిన్నతాతయ్య ఏనాడో పోయారు. ఆయన కూతురు, మాకు అత్తయ్య, అనకాపల్లిలోనే ఉంటోంది. చోడవరం జిల్లా మారి 2022లో అనకాపల్లి జిల్లా అయింది గానీ, మా రెండిళ్ళ మధ్య దూరం మాత్రం అలాగే ఉంది. నాన్నకి చెప్పకుండా మర్నాడు బస్సెక్కాను. ఎవరమ్మా నువ్వు అంది ఆవిడ గుమ్మంలోనే. చెప్పాను. కుర్చీ చూపించింది గానీ కూర్చోమనలేదు.

కాగితం ఇచ్చాను. ఆవిడ బడిపంతులమ్మగా చేసి రిటైరయిన మనిషి. కళ్ళజోడు తుడుచుకుని పెట్టుకుని ముందుగా పై అంకెలే చదివింది. వేళ్ళమీద లెక్క వేసుకుంది. మళ్ళీ చదివింది.

"ఏడూ ఇరవై" అంది. "నాకు తెల్సు. నాన్న పళ్ళు తోంకోకుండా పరిగెత్తేరు. నేను గుమ్మంలో నిలబడ్డాను. చెప్తే ఎవులు నమ్ముతారని చెప్పలేదు."

చాలాసేపు కాగితం అలాగే పట్టుకుంది. వెళ్ళేముందు జిరాక్సు తీయించి ఇవ్వమని అడిగింది. బజార్లోకి ఇద్దరం కలిసే వెళ్ళాం. అసలుది ఆవిడ చేతికిచ్చి, జిరాక్సు నేను తెచ్చుకున్నాను.